బస్సు చప్పుడు ఎవరిది?

రిటైరయ్యాక కూడా డ్రైవరుగారు రోజూ టిఫిను కాగానే బస్సు తీసేవారు. కాకపోతే ఆ బస్సు కంప్యూటరులో ఉండేది. పెళ్ళయి వెళ్ళిన కూతురు కొనిపెట్టిన ఆట అది. బల్లకు బిగించుకునే స్టీరింగు కూడా ఇచ్చి వెళ్ళింది. ఆయన ఊళ్ళూ అడవులూ దాటిస్తూ గంటల తరబడి బస్సు నడిపేవారు, అదంతా వీడియో తీసి ఇంటర్నెట్టులో తన చానెల్లో పెట్టేవారు. కింద ఎవరైనా "బాగా తోలారు సార్" అని రాస్తే ఆ పూటకు అన్నం కూడా అక్కర్లేదు. పాత డిపోవాళ్ళు చాలామంది చూసేవారు. ఒక మెకానిక్కయితే గేరు మార్చిన ప్రతిచోటా తప్పులు పట్టేవాడు. తాను ఇంకా డ్రైవరేనని చెప్పుకోవడానికి ఆయనకు మిగిలిన ఆధారం ఆ చానెలొక్కటే.

ఆ రోజు కొండదారి వీడియో పెట్టేసి క్షవరానికి వెళ్ళొద్దామనుకున్నారు. వీడియో పెట్టారు. చొక్కా గుండీలు పెట్టుకునేలోపే నోటీసు వచ్చింది. ఆ వీడియోలో వినిపించే శబ్దం వేరొకరి సొత్తనీ, హక్కుదారు తరఫున దాన్ని ఆపేస్తున్నామనీ దాని సారాంశం. హక్కుదారు ఎవరో మాత్రం లేదు.

"ఏమోయ్, నేను దొంగనంట" అన్నారు వంటింటి గుమ్మంలో నిలబడి.

"ఏం దొంగిలించారంట?" అంది భార్య, కూర తరగడం ఆపకుండా.

"నా బస్సు చప్పుడు."

"మీ బస్సు చప్పుడు ఇంకెవరికి కావాలండీ? నేనే భరించలేక చస్తుంటే."

నోటీసు కింద అభ్యంతరం చెప్పుకోవడానికి చిన్న గడి ఉంది. శబ్దం మీదేనని ఎలా అనగలరని అడిగింది. డ్రైవరుగారు బాగా ఆలోచించి, 'నా సర్వీసంతటిలో ఒక్క ప్రమాదం లేదు, డిపోలో ఎవరినైనా అడగవచ్చు' అని రాశారు. జవాబు టీ చల్లారకముందే వచ్చింది. అభ్యంతరం చెల్లదట. చానెలుకు ఒక హెచ్చరిక కూడా పడింది. అలాంటివి మూడు పడితే చానెలు మూసేస్తారు.

ఇక లాభం లేదని పై వాటాలో ఉన్న బావమరిదిని పిలిచారు. అతనికి ఇంటర్నెట్టు వ్యవహారాలన్నీ కొట్టిన పిండి. ఉద్యోగం చేస్తూనే వాన చప్పుడు, ఫ్యాను చప్పుడు లాంటివి రికార్డు చేసి, నిద్ర పట్టనివాళ్ళ కోసం ఒక కంపెనీ ద్వారా అమ్ముతుంటాడు.

"మీ వీడియో ఒక్కటి కూడా వదల్లేదు బావగారూ, మీ పనితనం నాకు తెలీదా?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇలాంటివాళ్ళతో మర్యాదగా మాట్లాడకూడదు. నేను రాస్తాను చూడండి." టకటకా కొట్టి, "చదివి వినిపించనా?" అన్నాడు.

"నువ్వు రాశాక మళ్ళీ చూసేదేముంది, పంపించెయ్."

పంపించేశాడు. ఈసారి జవాబు వెంటనే రాలేదు. వెళ్తూ వెళ్తూ తన గోడూ చెప్పుకున్నాడు. "నా శబ్దాలు కూడా ఎవడో వాడేసుకుంటున్నాట్ట. కంపెనీవాళ్ళు అడిగారు, ఏం చేద్దామని. ఒక్కణ్ణీ వదలొద్దన్నాను."

"మంచి పని చేశావు" అన్నారు డ్రైవరుగారు మనస్ఫూర్తిగా.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఆయనకు న్యాయం జనం చేతుల్లో ఉందనిపించింది. బస్సు చప్పుడు మాత్రమే వినిపించే వీడియో ఒకటి తయారుచేసి, 'ఇది ఎవరి చప్పుడో మీరే చెప్పండి' అని చానెల్లో పెట్టారు. డిపోవాళ్ళకు రక్తం ఉడికింది. మెకానిక్కు మొదలుకొని అందరూ ఆ వీడియోను తమ తమ పేజీల్లో పెట్టుకున్నారు. అందరికీ నోటీసులు వచ్చాయి. డ్రైవరుగారికి రెండో హెచ్చరిక పడింది.

బావమరిది మెట్లు దిగి పరుగున వచ్చాడు. "బావగారూ, ఉన్నట్టుండి బోలెడుమంది నా శబ్దం మీద పడ్డారు. ఇదేదో ముఠా."

"నన్ను పట్టిన ముఠాయే నిన్నూ పట్టినట్టుంది" అన్నారు డ్రైవరుగారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఆ శత్రువును తిట్టుకుంటూ మరో టీ తాగారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక భార్య చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడుం వాల్చింది. నిద్ర పట్టని మనిషి కాస్తా ఈ మధ్య పడుకోగానే గురక పెడుతోంది. క్షవరానికి వెళ్తున్నానని చెప్పడానికి డ్రైవరుగారు ఒక ఇయర్‌ఫోను మెల్లగా తీశారు. అందులోంచి ఏదో వినిపిస్తే చెవి దగ్గర పెట్టుకున్నారు. బస్సు ఇంజను. గేరు మారింది. ఎవరో దగ్గారు. ఆ తర్వాత, "మలుపొస్తోంది, గట్టిగా పట్టుకోండి" అంది తన గొంతే.

"ఇదెక్కడిది?" అన్నారు.

"తమ్ముడు పంపాడండీ" అంది ఆవిడ కళ్ళు తెరవకుండా. "వాడి కొత్త చప్పుడు. ఎంత హాయిగా ఉందో."

డ్రైవరుగారు రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వెళ్ళారు. వెనకాలే భార్య. బావమరిది ఇయర్‌ఫోను పెట్టుకుని విన్నాడు, ఆయన మొహం చూశాడు, మళ్ళీ విన్నాడు.

"కిటికీ దగ్గర రికార్డు చేశాను బావగారూ. వీధి చివర బస్టాపుంది కదా, అక్కడి చప్పుడనుకున్నాను."

"గంటసేపు ఆగకుండా పోతున్న బస్సు బస్టాపులో ఎలా ఉంటుందయ్యా? సరే. నా వీడియో ఒక్కటి కూడా వదల్లేదన్నావు. అందులో నా గొంతు వినలేదూ?"

బావమరిది నేలచూపులు చూశాడు. "లైకు కొట్టడం మాత్రం ఎప్పుడూ వదల్లేదు."

"ఒరేయ్, ఆయన కష్టం అమ్ముకుంటూ ఆయన్నే దొంగన్నావా?" అంది అక్క. అతనికి తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడు కంపెనీవాళ్ళతో మాట్లాడి, ఆ శబ్దం మీది హక్కంతా బావగారి పేరుకు మార్పించేశాడు. పడిన హెచ్చరికలు కొన్నాళ్ళకు వాటంతటవే పోతాయట. మూడోది పడకుండా చూసుకుంటే చాలు.

ఆ రాత్రి డ్రైవరుగారు ప్రశాంతంగా నిద్రపోయారు. భార్య ఆయన బస్సులోనే నిద్రపోయింది.

మర్నాడు ఉదయం ఆయన ఫోనుకు కంపెనీ నుంచి సందేశం వచ్చింది. హక్కుదారుగా అదే మొదటిది కాబట్టి భార్యకు వినపడేలా పైకి చదివారు. ఎవరో ఆయన బస్సు చప్పుడు వాడుకున్నాట్ట. కాదనకపోగా అది తనదేనని వాదిస్తున్నాట్ట. పైగా 'హక్కుదారునని చెప్పుకునేవాడు మొహం చూపించే ధైర్యం లేని పిరికివాడు' అని కూడా రాశాట్ట. వదిలేయమంటారా, ఆపించమంటారా?

"ఎవరండీ అతను?" అంది భార్య.

"ఎవడైతేనేం? ఆ రాత చూడు. పెద్దంతరం చిన్నంతరం లేదు."

"తమ్ముణ్ణి ఒకసారి అడగండి."

"వాణ్ణడిగే ఇంతదాకా వచ్చింది" అని డ్రైవరుగారు 'ఆపించండి' మీద బొటనవేలు గట్టిగా నొక్కారు. నొక్కి, ఎన్నాళ్ళకో తనకు జరగవలసిన న్యాయం తన చేత్తోనే జరిగినందుకు తృప్తిగా టీ అడిగారు.

టీ వచ్చేసరికి కంప్యూటరులో కొండదారి వీడియో లేదు. దాని కింద బావమరిది రాసి పంపిన అభ్యంతరమూ లేదు. మూడో హెచ్చరిక పడి చానెలు మూతపడింది. మూసేశాక ఇక దాచడం ఎందుకనుకున్నారేమో, ఈసారి హక్కుదారు పేరు స్పష్టంగా వేశారు.

పేరు చివర 'గారు' అని చేర్చడం కూడా మరిచిపోలేదు.