కదలకుండా కూర్చోమంటే

ఆ ఉదయం అమ్మ అనుకున్నది ఒక్కటే. కూతురు కట్టించిన నగరపాలక భవనాన్ని కళ్ళారా చూసి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. కరెంటు ఆదా చేసే భవనమని ఊరంతా చెప్పుకుంటోంది. ఈరోజే తనిఖీ.

"ఇది నెగ్గకపోతే నన్ను ఏ మారుమూలకో బదిలీ చేసేస్తారమ్మా. నువ్వు మాత్రం ఈ హాల్లో కదలకుండా కూర్చో," అని చెప్పి ఇంజనీరు కూతురు కిందికి పరుగెత్తింది.

బదిలీ అంటే కూతురు దూరమైపోవడమేనని అమ్మ భయం. కొత్త తెరలు దించిన ఆ హాల్లో, ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తూ కూర్చుంది. కాసేపటికి దీపాలన్నీ ఆరిపోయాయి. మనిషి కదిలితేనే వెలిగే దీపాలని ఆమెకెవరూ చెప్పలేదు.

"బాబూ! కరెంటు పోయింది!" మెడ తిప్పకుండానే కేకేసింది.

కాపలాదారు వచ్చాడు. దీపాలు వెలిగాయి.

"ఉందిగా పెద్దమ్మగారూ!" అని వెళ్ళిపోయాడు. అమ్మ మళ్ళీ బిగుసుకు కూర్చుంది. మళ్ళీ చీకటి.

"తీగ ఎక్కడో వదులైంది. నా చిట్టితల్లి పరువు పోతుంది," అని గొణుక్కుంటూ లేచింది. దీపాలు వెలిగాయి గానీ, ఇక వాటిని నమ్మదలచుకోలేదు. వెలుతురు కోసం కిటికీ తెర లాగింది. అది కడ్డీతో సహా ఊడి నెత్తిన పడింది.

ఆ చప్పుడుకి కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు. "కొంప మునిగింది! తనిఖీవాళ్ళు మెట్లెక్కుతున్నారు!"

"ఒక్కటి ఊడితే లోపమంటారు నాయనా. అన్నీ లేకపోతే పద్ధతి అనుకుంటారు. ఆ స్టూలు ఇటు లాగు!"

తనిఖీ బృందం అడుగుపెట్టేసరికి తెరలన్నీ బల్ల కింద ఉన్నాయి. హాలు నిండా ఎండ వెలుగు. అంత వెలుగుంటే ఆ దీపాలు వెలగవు. వెలగలేదు.

బృందం పెద్దాయన నిలబడిపోయాడు. "ఎక్కడికెళ్ళినా పట్టపగలు తెరలేసుకుని లైట్లేసుకునేవాళ్ళే! ఈ ఆలోచన ఎవరిదమ్మా?"

కూతురు బోసి కిటికీలకేసి చూస్తూ నోరు తెరిచింది. మాట మాత్రం అమ్మ నోట్లోంచి వచ్చింది.

"మా అమ్మాయిదేనండీ! చిన్నప్పట్నించీ అంతే. నేను వంటింట్లో ఉండగానే లైటార్పేసేది!"

"ఇలాంటి మనిషిని ఒక్క ఊళ్ళో ఉంచితే ఎలా? పై ఊళ్ళల్లో బోలెడు కట్టాలి. రేపే బదిలీ చేయిస్తా!"

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా అమ్మే కొట్టింది. కళ్ళు తుడుచుకుని, కాపలాదారు చెవి దగ్గర చేరింది.

"నాయనా, వాళ్ళు గేటు దాటేలోగా ఆ తెరలు మళ్ళీ కట్టేయగలవా?"