నాలుగు వేళ్ళు లేచిన కారు

మే నెల మొదటి ఆదివారం పొద్దున రోదియన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదిన్నరకి గ్యారేజీ నుంచి కారు తీస్తాడు. తొమ్మిదింటికి అత్తగారి గుమ్మం ముందు ఆపి, ఆవిడనీ నాలుగు పెట్టెల టమాటా నారునీ ఎక్కించుకుంటాడు. పదిన్నరకి ఊరవతల దాచాలో, అంటే వేసవి తోట ఇంట్లో, దింపుతాడు. పన్నెండింటికల్లా మొక్కలు మట్టిలో ఉంటాయి, తను బెంచీ మీద ఉంటాడు. భార్య లరీసాకి మందుల షాపులో డ్యూటీ, అందుచేత ఈ ఘనకార్యం చూడటానికి ఆమె రాదు. అదొక్కటే అతనికి లోటుగా తోచింది.

ఘనకార్యం అని ఎందుకన్నామంటే, దాని వెనక ఓ పరాభవం ఉంది. దాచాకి పోయే మట్టిదారిలో, వాననీళ్ళ గొట్టం పూడ్చిన చోట ఓ దిబ్బ ఉంది. నిరుడు ఆ దిబ్బ మీద రోదియన్ కారు పొట్ట తగిలి ఎగిరిపడింది. సైలెన్సరు ఊడింది. అది పోతే పోయింది, వెనక పెట్టెల్లో ఉన్న టమాటా నారు మొత్తం నడుములు విరిగి పడిపోయింది. అది అలాంటిలాంటి నారు కాదు. చనిపోయిన మామగారు తీఖొన్ ఇరవై ఏళ్ళు గింజ గింజా ఏరి నిలబెట్టిన రకం. చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు.

అత్తగారు కపితొలీనా యెగోరొవ్నా ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే రోదియన్ హాయిగా నిద్రపోయేవాడు. ఆవిడ అగ్గిపెట్టెలో మిగిలిన ఆఖరి గింజల్ని దాచి, ఫిబ్రవరిలో కిటికీ అంచు మీద, కోసిన పాల డబ్బాల్లో నాటింది. ఇరవై ఆరు మొలిచాయి. ఇవి కూడా పోతే తీఖొన్ టమాటా ఇక ఈ లోకంలో ఉండదు.

"ఈసారి బస్సులో పట్టుకుపోతాలే," అంది ఆవిడ ఏప్రిల్లో.

"బస్సులోనా? నేను బతికుండగానా?" అన్నాడు రోదియన్. "అత్తయ్యగారూ, ఈసారి మీ కాలు నేల మీద పడనివ్వను. మీ మొక్కల ఆకు కదలనివ్వను. పూచీ నాది."

రోదియన్ బళ్ళో భూగోళం చెప్తాడు. ప్రపంచంలోని పర్వతాల ఎత్తులన్నీ అతనికి కంఠతా వచ్చు. ఆ దిబ్బ ఎత్తు మాత్రం నిరుడే తెలిసింది.

ఉపాయం చెప్పినవాడు పక్క గ్యారేజీ యెఫీమ్. ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేస్తాడు. "స్ప్రింగుల కింద స్పేసర్లు పెడితే సరి మాస్టారూ. నాలుగు అల్యూమినియం దిమ్మలు. కారు దానంతటదే లేచి నిలబడుతుంది," అని చెప్పి, మూడు రోజుల్లో నాలుగు దిమ్మలు చెక్కి తెచ్చాడు. శనివారం పొద్దున మొదలుపెట్టారు. ట్రామ్ నడిపి రిటైరైన సవ్వా ముసలాయన జాకీ తిప్పాడు. రొట్టెల బట్టీలో పనిచేసే గ్లెబ్, నూట ముప్పై కిలోల మనిషి, స్ప్రింగుల్ని చేతుల్తోనే నొక్కిపెట్టాడు. రోదియన్ అందరికీ టీ పోశాడు. సాయంత్రానికి పని పూర్తయింది. నలుగురూ నేల మీద బోర్లా పడుకుని, కారు పొట్ట కింద నిలబెట్టిన సీసా అటు నుంచి ఇటు తగలకుండా పోవడం చూసి చప్పట్లు కొట్టారు. నలుగురూ కిందే చూశారు. పైన ఏమైందో చూసినవాడు లేడు.

పైన ఏమైందో ఆదివారం ఎనిమిది ముప్పై మూడుకి తెలిసింది. కారు రెండడుగులు కదిలి, పైనున్న సామాన్ల క్యారియర్ గ్యారేజీ ద్వారం ఇనప దూలానికి టంగుమని కొట్టుకుని ఆగిపోయింది.

రోదియన్ దిగి చూశాడు. క్యారియర్ దూలం కంటే మూడు వేళ్ళు ఎత్తుగా ఉంది. మొన్నటిదాకా ఆ క్యారియర్‌కీ దూలానికీ మధ్య ఒక వేలు దూరేది. అతనికి లెక్క అందలేదు. యెఫీమ్‌ని కేకేశాడు.

"మనం పెట్టింది రెండు వేళ్ళ మందం దిమ్మలే కదా! నాలుగు వేళ్ళు ఎలా లేచింది?"

"వెనక రెండే లేచింది మాస్టారూ. ముందు స్ప్రింగు సరిగ్గా చక్రం మీద కూర్చోదు, లోపలికి, చక్రాన్ని పట్టుకునే ఇనప చెయ్యి మధ్యలో కూర్చుంటుంది. అక్కడ ఒక వేలు మందం పెడితే చక్రం దగ్గర రెండు వేళ్ళవుతుంది."

"ఈ ముక్క నిన్న చెప్పొచ్చుగా!"

"నిన్న నువ్వడగలేదు."

సవ్వా, గ్లెబ్ కూడా వచ్చారు. ఆ వరసలో ఒక గ్యారేజీలో ఏదైనా చెడిందంటే మిగతా గ్యారేజీలవాళ్ళకి అది పండగే. క్యారియర్ ఊడదీస్తే పోలేదా అన్నాడు గ్లెబ్. అది మామగారు పాత ఇనప మంచం కోళ్ళతో చేసి, కారు పైకప్పుకే వెల్డింగ్ చేసిన క్యారియర్. తీఖొన్ బోల్టుల్ని నమ్మే మనిషి కాదు. దాన్ని కోసిన చేతుల్ని కపితొలీనా కోసేస్తుంది. చక్రాల్లో గాలి తీసేస్తే దిగుతుంది కదా అన్నాడు సవ్వా. అందరికీ నచ్చింది. మళ్ళీ గాలి కొట్టాలిగా అని పంపులు వెతికారు. మూడు దొరికాయి. ఒకదానికి గొట్టం లేదు, ఒకదానికి పిడి లేదు, మూడోది గాలిని లోపలికి లాగుతోంది. దిమ్మలు తీసేద్దామా అంటే, నిన్న పన్నెండు గంటలు పట్టింది.

"బరువు!" అన్నాడు యెఫీమ్ ఉన్నట్టుండి. "మనం ఎక్కి కూర్చుంటే దిగదూ?"

నలుగురూ ఎక్కారు. కారు మూలుగుతూ కిందికి దిగింది. రోదియన్ కిటికీలోంచి తల బయట పెట్టి పైకి చూశాడు. ఇంకా అర వేలు అడ్డం. గ్లెబ్‌ని వెనక నుంచి ముందుకు మార్చారు. ముక్కు దిగింది, తోక లేచింది. మళ్ళీ వెనక్కి మార్చారు. తోక దిగింది, ముక్కు లేచింది.

అంతలో రోదియన్ ఫోన్ మోగింది. లరీసా.

"తొమ్మిదింపావయింది, అమ్మ గుమ్మంలో నిలబడి ఉందట. ఎక్కడున్నావ్?"

"గ్యారేజీలో. కార్లో కూర్చున్నాం."

"కూర్చున్నాం అంటే? ఎవరెవరు?"

"నేను, యెఫీమ్, గ్లెబ్, సవ్వా బాబాయ్."

"మరి బయల్దేరచ్చుగా?"

"బయల్దేరలేం. మేం దిగితే కారు పైకి లేస్తుంది."

"రోదియా, ఎంత తాగావ్?"

"అయ్యో, ఒట్టు, చుక్క కూడా..."

"ఒరే గ్లెబూ, పొట్ట లోపలికి పీల్చకు, బయటికి వదులు!" అని వెనక నుంచి సవ్వా కేకేశాడు. లరీసా ఫోన్ పెట్టేసి తల్లికి చేసింది. ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతలే.

పాపం రోదియన్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తను చెప్పినదాంట్లో అబద్ధం ఎక్కడుందో అతనికి ఎంత వెతికినా దొరకలేదు.

"కంగారు పడకు మాస్టారూ," అన్నాడు సవ్వా. "అసలు తప్పెక్కడుందో నాకు తెలిసింది. బయల్దేరేముందు మనం కూర్చోలేదు."

"అరగంట నుంచీ కూర్చునే ఉన్నాంగా బాబాయ్!"

"అది బరువు కోసం. ప్రయాణం కోసం వేరే కూర్చోవాలి. ఒక్క నిమిషం, మాటా పలుకూ లేకుండా. మధ్యలో నోరు విప్పామా, దారంతా అడ్డంకులే. నలభై ఏళ్ళు ట్రామ్ నడిపాను, రోజూ పొద్దున కూర్చున్నాను, ఒక్కసారి పట్టాలు తప్పలేదు."

ప్రయాణానికి ముందు కూర్చోని మనిషి ఆ ఊళ్ళో లేడు. నలుగురూ టోపీలు తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. సరిగ్గా ఆ నిమిషంలోనే కపితొలీనా యెగోరొవ్నా గ్యారేజీ వెనక తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

ఆవిడకి కనబడిందేమిటంటే: చీకటి గ్యారేజీ, కదలని కారు, అందులో తలలు వాల్చి కళ్ళు మూసుకున్న నలుగురు మగాళ్ళు.

"రోదియన్!" అంది.

రోదియన్ కళ్ళు తెరిచి, బతిమాలుతున్నట్టు చూసి, మళ్ళీ మూసుకున్నాడు. ఇంకా అర నిమిషం ఉంది. ఇరవై ఆరు మొక్కల కోసం అతను ఆ అర నిమిషం పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు.

"అల్లుడూ! నిన్నే! నోరు పడిపోయిందా?" ఎవరూ పలకలేదు. "ఆదివారం పూట, తొమ్మిదిన్నరకి! సవ్వా, నీకైనా సిగ్గులేదా, మనవలున్నవాడివి! ఏదీ, నోరు చూపించు!"

సవ్వా పెదవులు బిగించాడు. ఇంకేం కావాలి సాక్ష్యం! ఆవిడ కారు వెనక తలుపు తెరిచి, గ్లెబ్‌ని గుంజి పక్కకి నెట్టి, సీటు మీద కూలబడి, సవ్వా గడ్డం పట్టుకుని వాసన చూసింది. కపితొలీనా కూడా తక్కువ మనిషేం కాదు. కారు నిట్టూర్చినట్టు మరో అర వేలు దిగింది.

"పద!" అని అరిచాడు యెఫీమ్. "పద మాస్టారూ, పోనీ!"

రోదియన్ పోనిచ్చాడు. క్యారియర్ దూలాన్ని గీసుకుంటూ, నిప్పురవ్వలు రాలుస్తూ, కారు ఎండలోకి వచ్చి పడింది. కపితొలీనా ఒక కాలు బయట పెట్టుకునే ఊరేగింది.

"ఇదేం తాగుడయ్యా!" అంది ఆవిడ, ఊపిరి అందాక. తర్వాత మళ్ళీ వాసన చూసింది. "టీ వాసనొస్తోందేమిటి?"

అందరూ ఒక్కసారి చెప్పడం మొదలుపెట్టారు. స్ప్రింగులు, దిమ్మలు, వేళ్ళు, దూలం, గ్లెబ్ పొట్ట. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి అందరూ దిగి చూపించారు. కారు మెల్లగా లేచి పులిసిన పిండిలా నిలబడింది. కపితొలీనా దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇదంతా దేనికి?" అంది.

"మీ మొక్కల కోసం అత్తయ్యగారూ."

ఆవిడ గొంతు తగ్గింది. నలుగురు పెద్దమనుషుల నోళ్ళు వాసన చూడబోయినందుకు నొచ్చుకుంది. "ఎక్కండి అందరూ. క్యాబేజీ కూరి పిరాష్కీ రొట్టెలు చేశాను, దాచాలో తిందురుగాని," అంది. "మడులు కూడా తవ్వాలనుకోండి," అని చేర్చింది. పిరాష్కీల మాట విన్న గ్లెబ్ రెండో వాక్యం వినిపించుకోలేదు.

ఆ విధంగా, అత్తగారి గుమ్మం ముందు ఆగి నారు ఎక్కించుకున్నాక, ఐదుగురు మనుషులు, నాలుగు ఒళ్ళలో నాలుగు పెట్టెల నారుతో కారు బయల్దేరింది. దారి పొడుగునా రోదియన్ మనసులో దిబ్బే ఉంది. అది వచ్చింది. కారు ఆపి, దిగి, కిందికి వంగి చూశాడు. ఐదుగురి బరువుకి దిమ్మల ఎత్తంతా కరిగిపోయి, కారు పొట్ట నిరుడు ఉన్న చోటికే దిగి ఉంది. ఒక ఏడాది ఆలోచన, ఒక రోజు చాకిరీ, ఒక పొద్దుటి పరువు, అన్నీ వెచ్చించి అతను పాత కారునే తెచ్చుకున్నాడు.

తలెత్తేసరికి కపితొలీనా పెట్టె పట్టుకుని అప్పటికే దిగి నిలబడింది.

"వద్దు, కూర్చోండి! మీ కాలు నేల మీద పడనివ్వనన్నానుగా!"

"ఎవరడిగారయ్యా నిన్ను?" అంది ఆవిడ. "మీ మామ ముప్పై ఏళ్ళు ఇక్కడ కారాపి, దిగి, పెట్టె చేత్తో పట్టుకుని ఆ మలుపుదాకా నడిచాడు. నేను పక్కన నడిచాను. ఏడాది మొత్తంలో ఆయన నోరు విప్పి మాట్లాడేది ఈ కాస్త దూరంలోనే. నిరుడు దిగుతానంటే నువ్వేమన్నావ్? 'కూర్చోండి, దాటిపోతుంది' అన్నావ్. కారు లేపమని ఎప్పుడైనా అన్నానా? దిగుతానన్నాను, అంతే."

రోదియన్‌కి సిగ్గేసింది. నిరుడు ఆవిడ మౌనం మొక్కల కోసమే అనుకున్నాడు. ఏడాదంతా స్ప్రింగుల గురించి ఆలోచించాడు గాని, ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు.

ముసలాయన, లావాటాయన, లేత్ ఆయన తలో పెట్టె గుండెలకి హత్తుకుని, ఆవిడ వెనకాల వరసగా నడిచారు. రోదియన్ ఖాళీ కారుని దిబ్బ మీదికి నడిపాడు. అది రెండు వేళ్ళ ఎత్తు మిగిలేలా, ఎక్కడా రాయి కూడా తగలకుండా, సుతారంగా దాటిపోయింది.

"చూశారా!" అని అరిచాడు. అందరి వీపులూ ఇటే ఉన్నాయి. ఎవరూ చూడలేదు.

అతను కారు అక్కడే వదిలేసి, పరిగెత్తుకెళ్ళి, అత్తగారి చేతిలోంచి పెట్టె అందుకున్నాడు. ఆవిడ కాసేపు వదల్లేదు, తర్వాత వదిలింది. మలుపుదాకా తీఖొన్ కబుర్లు చెప్పింది. ఇరవై ఆరు మొక్కలూ మధ్యాహ్నానికి మట్టిలో నిలబడ్డాయి.

సాయంత్రం కారు గ్యారేజీ ముందుకొచ్చింది. లోపలికి పట్టలేదు. నలుగురూ ఎక్కారు, అర వేలు తక్కువైంది. దారిలో ఇంటి దగ్గర దింపిన కపితొలీనాని మళ్ళీ పిలుచుకొచ్చారు. ఆవిడ చేతి సంచీలో ఉప్పు దోసకాయల జాడీతో పాటు, తీఖొన్ చేత్తో పెట్టిన చెర్రీ సారా సీసా ఒకటి ఉంది. మొక్కలు బతికాయి కదా, ఆయన పేర తలో గుటక వేద్దామంది. కారు లోపలికి పోయాక కూడా ఎవరికీ దిగాలనిపించలేదు.

అప్పట్నుంచి ఆ కారు బయటికి తియ్యాలన్నా, లోపల పెట్టాలన్నా ఐదుగురు కావాలి. ఆగస్టులో తీఖొన్ టమాటాలు పండాక, వాటిని కోసి ఉప్పు చల్లిన పళ్ళెం కూడా కార్లోకి వస్తోంది. లరీసా ఫోన్ చేస్తే రోదియన్ ఇప్పటికీ నిజమే చెప్తాడు: కార్లో కూర్చున్నాం, ఇప్పుడే దిగలేం. ఆమె ఎంత తాగావని అడుగుతుంది, ఆ అడగడం ఇప్పుడు సబబుగానే ఉంది.

స్పేసర్లు తీసేద్దామన్న మాట మాత్రం ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు.