సందులో పట్టిన మంత్రిగారు

"ఇకపై నేను బుల్లి ఎలక్ట్రిక్ కారులోనే తిరుగుతాను. పొగ రాదు, చప్పుడు రాదు, జానెడు చోటుంటే చాలు ఆగుతుంది. ప్రజలకు ఇదే నా కానుక!" అని రవాణా మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగింది. ఆయన డ్రైవరు మాత్రం చప్పట్లు కొట్టలేదు. చేతిలో తాళాలున్నాయి కాబట్టి అనుకోవచ్చు గానీ, నిజానికి భయం.

బుల్లి కారు వెనక ఆరు పెద్ద డీజిల్ కార్లు రావాలని నిబంధన. మొదటి దాంట్లో పీఏ, రెండో దాంట్లో గన్‌మెన్, మూడో దాంట్లో మంత్రిగారికి కారు తలుపు తీసే బంట్రోతు. మిగతా మూడూ ఖాళీ, అవి గౌరవం కోసం. పదకొండేళ్లుగా మంత్రిగారు తన చేత్తో తలుపు తీసుకున్న పాపాన పోలేదు. అంతటి నిరాడంబరుడు.

"సార్ ఆలస్యం సహించరు. రేపు సరిగ్గా పదింటికి సభలో ఉండాలి. ఒక్క నిమిషం లేటయిందో, నువ్వు మళ్లీ చెత్త లారీకే" అన్నాడు పీఏ.

చెత్త లారీ మీద తొమ్మిదేళ్లు చేశాడు డ్రైవరు. ఆ రోజుల్లో భార్య వాకిట్లోనే బకెట్ నీళ్లు పెట్టి, స్నానమయ్యాకే గడప దాటనిచ్చేది. కూతురు ఈమధ్యే పక్కన కూర్చుని అన్నం తింటోంది. ఆ లారీ పేరెత్తితే అతని ప్రాణం ఉసూరుమంటుంది.

మర్నాడు పావుతక్కువ పదికి రోడ్డు మీద బళ్లన్నీ ఆగిపోయాయి. డ్రైవరు దేవుడి మీద భారం వేసి, కారును పక్క సందులోకి తిప్పాడు. బట్టలారేసిన తీగల కిందుగా, ఒక నీళ్ల డ్రమ్మును రాసుకుంటూ అది దూసుకుపోయింది. వెంట వచ్చిన పెద్ద కార్లు సందు మొదట్లోనే ఇరుక్కున్నాయి.

"శభాష్!" అన్నారు మంత్రిగారు, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని. "ప్రగతి అంటే ఇదీ."

పదికి ఇంకా ఐదు నిమిషాలుందనగా సభ జరిగే హాలు గేటు చేరారు. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"పక్కకి తియ్యవయ్యా, మంత్రిగారొస్తున్నారు."

"మంత్రిగారు ఇందులోనే ఉన్నారు."

వాచ్‌మన్ వంగి చూశాడు. "మరి వెనక కార్లేవీ?"

"సందులో ఇరుక్కున్నాయి."

"కార్లు లేకుండా మంత్రిగారెలా అవుతారయ్యా? అవి రానీ, అప్పుడు చూద్దాం. అదిగో, గోడకీ ఆ జనరేటర్ వ్యానుకీ మధ్య పెట్టు. నీ బండికి అది చాలు."

మంత్రిగారు పీఏ కోసం వెనక్కి చూశారు. వాచ్‌మన్‌లతో మాట్లాడటం పీఏ పని. ఫోను కూడా పీఏ దగ్గరే ఉంటుంది. డ్రైవరు తన ఫోనులోంచి చేస్తే, డ్యూటీలో ఫోనేమిటని పీఏ కట్ చేశాడు.

కారు ఆ సందులో కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. ఎంత బాగా సరిపోయిందంటే, ఏ వైపు తలుపూ నాలుగు వేళ్లకి మించి తెరుచుకోలేదు.

పదకొండున్నరకు ఆరు కార్లూ వచ్చి, బుల్లి కారు వెనకే వరుసగా ఆగి దారి మూసేశాయి. బ్యాండు మోగింది. బంట్రోతు అలవాటు కొద్దీ పరుగెత్తి ముందున్న పెద్ద కారు తలుపు తీశాడు. పీఏ దిగాడు. అతని మెడలో దండలు పడ్డాయి.

"ఇచ్చిన మాట ప్రకారం, సరిగ్గా పది గంటలకు, బుల్లి కారులో విచ్చేసిన మంత్రివర్యులకు స్వాగతం!" అంది మైకు. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత పీఏ గొంతులో మంత్రిగారి ప్రసంగం వినిపించింది.

మంత్రిగారు కళ్లు మూసుకుని విన్నారు. "బాగా మాట్లాడుతున్నాను," అన్నారు. "టైముకే వచ్చానా?" అని అడిగారు.

"పదింటికే వచ్చారు సార్. మైకులో చెప్పారు కదా."

డ్రైవరు గుండె కుదుటపడింది.

ఆ మర్నాటి నుంచి మంత్రిగారు ఇంట్లోంచి కదలడం మానేశారు. అయినా రోజుకు ఐదు సభలు, అన్నీ దిగ్విజయం. ముందు ఖాళీ బుల్లి కారు, వెనక ఆరు పెద్ద కార్లు. గేటు దగ్గర వాచ్‌మన్ ఇప్పుడు సెల్యూట్ కొడుతున్నాడు.

మొన్న ఒక సభకు నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. పీఏ పరుగున వచ్చి కారు అద్దం మీద కొట్టాడు.

"చెత్త లారీ గుర్తుందా? సార్ ఎంత కోపంగా ఉన్నారో తెలుసా?"

బంట్రోతు అప్పటికే వెనక తలుపు తీసి, నడుం వంచి నిలబడ్డాడు. డ్రైవరు వెనక్కి తిరిగి, ఖాళీ సీటుకు చేతులు జోడించాడు.

"తప్పయిపోయింది సార్. ఇంకెప్పుడూ జరగదు."