తళతళలాడే జిగురు అట్టలు

ఆ ఉదయం బత్తాయి తోట యజమాని వేసుకున్న పథకంలో తిరకాసు ఏమీ లేదు. పురుగుల ఆఫీసరు వస్తాడు. చెట్లకు వేలాడుతున్న పసుపు జిగురు అట్టలను భూతద్దంతో చూస్తాడు. వాటికి అంటుకున్న దోమల్లో, ఈగల్లో, పరాయి దేశం నుంచి దిగబడిన ఆ రసం పీల్చే పురుగు లేదని తేల్చి సంతకం పెడతాడు. సాయంత్రం లారీ వస్తుంది, కాయలు వెళతాయి. ఆ పురుగు ఒక్కటి కనబడిందా, కాయ గేటు దాటదు. చుట్టుపక్కల చెట్లన్నీ కొట్టించేస్తారు, ఎందుకంటే అది మోసుకొచ్చే తెగులుకు మందు లేదు. తోట వేసిన తండ్రి పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆయన చెట్ల మీద రంపం పడకుండా చూడడమే కొడుక్కి ఇప్పుడున్న పెద్ద పని.

గడ్డం గీసుకుని తోటలోకి వెళ్లేసరికి అట్టలన్నీ తళతళలాడుతున్నాయి. పేరుకైనా ఒక్క దోమ లేదు.

"ఏమోయ్! ఈ అట్టలకేమైంది?"

"మార్చాను," అంది ఇల్లాలు. "ఆఫీసరు వస్తుంటే ఆ పాతవేంటండీ, ఒంటినిండా చచ్చిన పురుగులతో? చూడ్డానికే అసహ్యం. షెడ్డులో కొత్తవి ఉంటే కట్టేశాను."

ఇంటికి ఎవరొస్తున్నా ఆవిడ దిండు గలీబులు మార్చేస్తుంది. ఈసారి తోటకు మార్చింది.

"అతనొచ్చేదే పురుగులు చూడ్డానికి! ఉత్త అట్టలు చూపిస్తే ఏమనుకుంటాడు? ఏదో దాచామనుకోడూ? నీకసలు బుర్ర..."

ఆయన ఇంకా చాలా అన్నాడు. పాత అట్టలు ఏం చేశావని మాత్రం అడగలేదు. ఆవిడ చెప్పబోయింది. కానీ బుర్ర ప్రస్తావన రెండోసారి వచ్చేసరికి మూతి ముడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

వసారాలో పేపరు చదువుతున్న బావమరిది తల కూడా ఎత్తకుండా దారి చూపించాడు. "దీనికింత గొడవెందుకు బావా? పురుగులు కావాలి, అంతేగా. మనింట్లో పురుగులకేం కరువు?"

ఆ మాట ఆ క్షణంలో గొప్ప ఆలోచనలా వినిపించింది. అట్టలన్నీ చెట్ల మీంచి దిగాయి. యజమాని కొన్ని పట్టుకుని చెత్తకుండీ దగ్గర, చేపలు పట్టేవాడిలా ఓపిగ్గా నిలబడ్డాడు. బావమరిది స్నానాలగదిలో తూము దగ్గర ఒకటి పెట్టి, పరుపు కింద ఒకటి దూర్చి, మూడోదాని మీద కూర్చున్నాడు. లేచినప్పుడు అట్ట కూడా ఆయనతో లేచింది. ఊడదీస్తే ప్యాంటు వెనకభాగం అట్టతో వెళ్లిపోయింది. ఆ గోలకు బెదిరి పరుగెత్తిన పిల్లి ఇంకో అట్ట మీదుగా వెళ్లి, సగం తోక వెంట్రుకలు దానికి సమర్పించుకుంది.

"నాకూ ఒకటివ్వరా. ఊరికే కూర్చోలేను," అంది యజమాని తల్లి.

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "మా ఇంట్లో బొద్దింకలున్నాయి, పంపనా?"

"వద్దు పిన్నిగారూ, అంత పెద్దవి వద్దు. దోమలుంటే చూడండి," అన్నాడు యజమాని.

జీపు హారన్ వినపడేసరికి ఆఖరి అట్ట చెట్టెక్కింది. బావమరిది తువ్వాలు చుట్టుకుని వినయంగా నిలబడ్డాడు.

ఆఫీసరు మొదటి అట్ట మీదికి వంగాడు. "ఇది వెంట్రుకలా ఉందే."

"పిల్లిది సార్. చెట్లెక్కుతుంది," అన్నాడు యజమాని.

"ఈ ఈగ తూముల్లో పుడుతుంది కదా?"

"తోటకి ఆనుకునే తూముంది సార్."

మూడో అట్ట దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. "ఇది నల్లి. నల్లికి రెక్కలుండవు. ఇంత ఎత్తుకి ఎలా వచ్చింది?"

"పట్టుదల గల నల్లి సార్," అన్నాడు బావమరిది.

ఆఫీసరు నవ్వలేదు. తర్వాతి అట్ట దగ్గర ఆయన ఊపిరి తీసుకోవడం కూడా మానేశాడు. నువ్వుగింజలో సగం కూడా లేని పురుగులు, రెక్కల మీద గోధుమరంగు మచ్చలు. నెమ్మదిగా భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"అదే పురుగు. లారీ వద్దని చెప్పండి. రంపాలవాళ్లను పిలిపిస్తాను."

యజమాని గట్టు మీద కూలబడ్డాడు. తండ్రి నాటిన చెట్లవైపు చూడలేక, బావమరిది తువ్వాలు వైపు చూస్తూ జరిగిందంతా ఒప్పుకున్నాడు. "ఇవి తోటలో పడినవి కావు సార్. ఈ అట్టలు పొద్దుట్నుంచీ ఇల్లంతా తిరిగాయి."

"పాతవి చూపించండి, నమ్ముతాను."

"ఎక్కడున్నాయి సార్? కాల్చేసిందిగా!"

"కాల్చానని ఎవరన్నారు?" గుమ్మంలోంచి ఇల్లాలి గొంతు వినిపించింది.

"నువ్వే కదా..."

"మార్చానన్నాను. మీరడిగితే కదా చెప్పడానికి. బుర్ర గురించి ఉపన్యాసమిస్తున్నారు, మధ్యలో ఆపడమెందుకని ఊరుకున్నా."

ఆవిడ షెడ్డులోంచి పాత అట్టలు తెచ్చింది. ఒకదానికొకటి అంటుకోకుండా దేనికదే వేరే సంచిలో పెట్టి ఉంచింది. ప్రతి అట్ట వెనకా కిందటిసారి ఆఫీసరు పెట్టిన పొడి సంతకం అలాగే ఉంది. ఆయన వాటన్నిటినీ చూశాడు. చెట్ల లేత చిగుళ్లన్నీ తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా ఆ పురుగు లేదు.

"మరి ఇందాకటి అట్ట ఎవరిది?"

"నాదే బాబూ," అంది యజమాని తల్లి. "వసారాలో నా పూలకుండీ ఉంది. మొక్కని దులిపితే బోలెడు రాలాయి. మావాడికి పనికొస్తాయి కదా అని..."

అందరూ వసారాలోకి నడిచారు. చిన్న తెల్లపూల మొక్క, ఆకులు శ్రద్ధగా తుడిచి ఉన్నాయి. చిగురు నిండా పురుగులు. ఆఫీసరుకు ఆవేశం వచ్చింది.

"ఈ మొక్క నిమ్మజాతికి చుట్టం! ఆ పురుగుకిది పుట్టిల్లు! తోటలున్నచోట ఇలాంటివి పంచేవాళ్లని జైల్లో పెట్టాలి. ఎవరిచ్చారండీ మీకిది?"

"మీరే బాబూ. పోయినేడు ఈ పురుగు గురించే మీటింగు పెట్టారుగా. వచ్చినవాళ్లందరికీ తలా ఒకటిచ్చారు. మా ఆయనకి మీ చేత్తోనే ఇచ్చి ఫొటో దిగారు. ఆయన ఇంటికి తెచ్చిన ఆఖరి మొక్క ఇదే."

ఆఫీసరు ముఖం అట్టల రంగులోకి తిరిగింది. "అందరికీ..." అని మాత్రం ఒకసారి గొణిగాడు.

సంతకం పడింది. కుండీ మీద గోనెసంచి కప్పి బిగించి కట్టి, జీపు ఎక్కించారు. "నెమ్మదిగా పట్టుకోండి నాయనా," అని పెద్దావిడ గేటు దాకా వచ్చింది. చేతిలోంచి తుడుపుగుడ్డ మాత్రం వదల్లేదు. మర్నాడు పొద్దున ఆఫీసరే నిమ్మజాతి కాని పూలమొక్క ఒకటి తెస్తానని మాటిచ్చాడు. తెచ్చేముందు బాగా దులపమని బావమరిది సలహా ఇచ్చాడు.

సాయంత్రం లారీ కదిలింది. అంతకుముందే ఆఫీసరు తన కార్యాలయం వరండాలో వరసగా ఉన్న తెల్లపూల కుండీలకు కట్టడానికి ఇక్కడ మిగిలిన కొత్త అట్టలు అడిగి తీసుకెళ్లాడు. ఇస్తూ ఇల్లాలు, ఎంత పెద్దవాళ్లు చూడ్డానికొచ్చినా వాటిని మార్చవద్దని చెప్పి పంపింది.