రిబ్బన్ కట్టిన తూకం మిషన్

“ఇకపై ఏ విద్యార్థీ అద్దం ముందు నిలబడి బాధపడకూడదు. ఇది ప్రభుత్వ నిర్ణయం” అని మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించి ఊరుకునే మనిషి కాదాయన. పథకానికి ‘ఉన్నట్టే బాగున్నారు’ అని పేరు పెట్టారు. అది పనిచేస్తోందో లేదో తేల్చడానికి ఒక మదింపు అధికారిని వేశారు. ఫోటోలు తీసే భాగ్యం మా స్టూడియోకి దక్కింది.

మదింపు మా మేనకోడలు చదివే కాలేజీలోనే మొదలైంది. ఆ పిల్ల కొన్నాళ్ళుగా తిండి మానేసింది. “ఆకలి లేదమ్మా” అన్న మాట విని విని మా అక్కకి కూడా ముద్ద దిగడం మానేసింది. ఆ కాలేజీలో ఒక కౌన్సెలర్ మేడమ్ ఉండేది. మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, ఇలాంటి పిల్లల్ని కూర్చోబెట్టుకుని తనూ వాళ్ళతో తినేది. ఉపన్యాసం ఉండదు. ఎవరూ ఎవరి డబ్బాలోకీ తొంగిచూడరు. ఒకరోజు మా పిల్ల డబ్బా ఖాళీగా ఇంటికొచ్చింది. అది కడుగుతూ మా అక్క సింకు దగ్గరే ఏడ్చేసింది.

అధికారి లాప్‌టాప్‌తో ఆ గదిలోకి వచ్చాడు.

“ఇక్కడ ఏం చేస్తారు మేడమ్?”

“భోంచేస్తామండి.”

“అది సరే. ప్రోగ్రాం ఎక్కడ?”

“ఇదేనండి.”

“మరి బ్యానరేదీ?”

“బ్యానర్ కడితే పిల్లలు రారండి.”

“పోనీ, బరువులైనా చూశారా?”

“బరువు చూసుకునే కదండీ వీళ్ళు తిండి మానేసింది.”

అధికారి ఆవిడ వైపు జాలిగా చూశాడు. “కొలవకపోతే బాగుపడ్డారని ఎలా తెలుస్తుంది మేడమ్?” అని, తూకం మిషన్ తెప్పించి, అప్పటికప్పుడే అందర్నీ ఎక్కించాడు. పనంటే అంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు.

నెల తిరక్కుండానే మంత్రిగారి సభ పెట్టారు. ఆయన ప్రారంభించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, తూకం మిషన్‌కే ఎర్ర రిబ్బన్ కట్టి స్టేజీ మధ్యలో పెట్టారు. పిల్లలు ఆయన సమక్షంలో భోజనం చేయాలి. పొద్దున్నే వడ్డించి కూర్చోబెట్టారు. మంత్రిగారు సాయంత్రానికి వచ్చారు. అంతవరకు ఒక్కరూ కంచం ముట్టలేదు, ఆ క్రమశిక్షణ చూసి తీరాలి.

“పిల్లలు సోలిపోతున్నారండీ, తిననివ్వండి” అంది మేడమ్ మధ్యలో.

“మంత్రిగారు చూడకుండా తింటే అది మదింపులోకి రాదు మేడమ్” అన్నాడు అధికారి.

మంత్రిగారు వచ్చి రిబ్బన్ కత్తిరించారు. అధికారి మా మేనకోడల్ని స్టేజీ మీదికి పిలిచి మిషన్ ఎక్కించాడు. అంకె చూసి మైకులో చదివాడు.

“పోయినసారి కన్నా పెరిగింది సార్.”

హాలంతా చప్పట్లు. మంత్రిగారు పిల్ల భుజం తట్టి, “చూశారా, మా పథకం వచ్చాక ఎంత బొద్దుగా తయారైందో” అన్నారు. ఇంకా గట్టిగా చప్పట్లు. నేను “నవ్వమ్మా” అన్నాను. నవ్వింది. ఫోటో బాగా వచ్చింది.

పథకం నూటికి నూరుపాళ్ళు సఫలమని నివేదిక వెళ్ళింది. ఇక్కడ సమస్య తీరిపోయింది కాబట్టి మేడమ్‌ని వేరే చోటికి బదిలీ చేశారు. ఆ గదిలో ఇప్పుడు బ్యానర్లు భద్రంగా ఉన్నాయి.

నివేదిక వెళ్ళిన మర్నాడు మంత్రిగారి పీఏ ఫోన్ చేశాడు.

“పోస్టర్‌కి సార్ ఆ ఫోటోనే ఖాయం చేశారు. పొట్ట మాత్రం కాస్త తగ్గించు. గడ్డం కింద కూడా.”

“కింద ‘ఉన్నట్టే బాగున్నారు’ అని ఉంటుంది కదండీ?”

“అది ఉండాల్సిందే. పెద్దక్షరాల్లో వెయ్యి.”

నేను కంప్యూటర్‌లో మంత్రిగారి పొట్ట తగ్గిస్తూండగా మా మేనకోడలు కాలేజీ నుంచి వచ్చింది. లంచ్ డబ్బా తెచ్చి నా కీబోర్డు మీదే పెట్టింది. పక్కకి జరుపుదామని ఎత్తితే బరువుగా ఉంది. పిల్ల నా కుర్చీ వెనక నిలబడి, మంత్రిగారి నడుము సన్నబడటం చాలాసేపు చూసింది.

“మామయ్యా, పక్కన నన్ను కూడా కొంచెం తగ్గించవా?” అంది.