తుహిన సినిమాలో ఇరుక్కున్న కొంగ

ఒక పెద్ద అడవిలో దక్షిణాన మామిడి పూత రాలుతుంటే, అదే రోజు ఉత్తరాన మంచు కురుస్తుండేది. అంత పెద్ద అడవి!

ఆ ఉత్తరపు కొసన తుహిన అనే మంచుకుందేలు ఉండేది. వాళ్ళ అమ్మమ్మకు పాదంతో నేలమీద దరువేసి మాట్లాడే పాతభాష వచ్చు. ఒక దరువుకు "గద్ద వస్తోంది" అని, ఇంకో దరువుకు "ఆపదలో ఉన్నారు, రండి" అని అర్థం. ఆ భాష మొత్తం వచ్చింది ఇక అమ్మమ్మ ఒక్కతెకే. ఆవిడకేమో మోకాళ్ళ నొప్పులు. కాళ్ళాడుతుండగానే ఆ దరువులన్నీ సినిమా తీసి దాచుకోవాలని తుహిన ఆరాటం.

సరిగ్గా అప్పుడే రాజధానిలో 'ఉత్తరాది స్వజాతి చిత్ర ప్రోత్సాహక మండలి' వెలిసింది. ఉత్తరాది జంతువులు తమ కథలు తామే తీసుకోవడానికి కెమెరా, దారి ఖర్చులు ఇస్తారట. తుహిన ఎగిరి గంతేసి దరఖాస్తు పెట్టింది. మండలి పెద్దలకు చలి పడదు కనుక ఇంటర్వ్యూ మండుటెండల్లో పెట్టారు.

అధ్యక్షుడు నెమలి పింఛారావు దరఖాస్తు మీది ఫొటో చూశాడు, తుహినను చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు.

"అమ్మాయ్, ఇందులో తెల్లగా ఉన్నావు. ఇక్కడేమో మట్టిరంగులో ఉన్నావేం?"

"ఎండాకాలం కదండీ. మా బొచ్చు రంగు మారుతుంది. చలికాలం రాగానే మళ్ళీ తెల్లబడతాం."

"కుదరదమ్మా. ఉత్తరాది జంతువంటే తెల్లగా ఉండాలి. రూల్సులో ఉంది."

"రూల్సు ఎవరు రాశారండీ?"

"నేనే! ఉత్తరాదిని పటంలో క్షుణ్ణంగా చూసినవాణ్ణి."

తుహిన వెనకాలే ధవళయ్య అనే కొంగ నిలబడి ఉన్నాడు. దక్షిణాన బురదచెరువు వాళ్ళది. పింఛారావుకు చిన్ననాటి స్నేహితుడు. మంచు ముఖం ఎరగడు. కానీ పుట్టుకతోనే తెలుపు!

"ఉత్తరాది అంటే ఇదీ!" అని పింఛారావు కెమెరా తీసి కొంగ మెడలో వేశాడు.

తుహిన చెవులు వాలిపోయాయి. కళ్ళనీళ్ళు దిగమింగుకుని గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి ధవళయ్య కేకేశాడు.

"ఏమ్మా, ఉత్తరాదికి దారెటు?"

ఆ చలికాలం దారి చూపించింది తుహినే. తీరా వెళ్ళాక ధవళయ్యకు కెమెరా పట్టడం రాదని తేలింది. పైగా హీరో కూడా తనే!

"నువ్వు ఊరికే ఆ మీట నొక్కు. మీ తాతముత్తాతల్లా నేను నిలబడతాను" అని కొలనులో ఒంటికాలి మీద నిలబడి, "మా మంచు! మా వేదన!" అని ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఉపన్యాసం సాగింది. ఈలోగా కొలను గడ్డకట్టింది.

"కట్!" అన్నాడు ధవళయ్య. కాలు రాలేదు. "తుహినమ్మా, నా కాలు! కాలు!"

తుహిన కెమెరా ఆపలేదు. "అమ్మమ్మా!" అని గట్టిగా అరిచింది.

అమ్మమ్మ నొప్పులు మరిచి పరుగెత్తుకొచ్చి దరువేసింది. కొండ మీది కుందేళ్ళన్నీ దిగాయి. కానీ భాష సగం మరిచిన వాళ్ళు కదా, కొందరు పెళ్ళి విందనుకుని ముస్తాబై వచ్చారు! ఒకాయన కొంగ చుట్టూ తిరిగి, "వరుడు ఇంత సన్నగా ఉన్నాడేమిటి?" అన్నాడు.

"ఓరి మొద్దుల్లారా! విందుకు రెండు, ఆపదకు మూడు!" అని అమ్మమ్మ తిట్టి, ఒక్కో దరువూ వేసి చూపించి, అందరిచేతా వేయించింది. ఆ దరువుల అదురుకు మంచు పగిలింది. కొంగ ఎగిరి అమ్మమ్మ వీపు మీద తలకిందులుగా పడ్డాడు.

"పిల్లా, ఈయన ముక్కు నా చెవిలో ఉంది, తీయమను" అంది అమ్మమ్మ.

రాజధానిలో సినిమా ఆడినప్పుడు ఏనుగులు నవ్వి నవ్వి బెంచీలు విరగ్గొట్టాయి. బయటికొచ్చిన పిల్లలంతా వీధుల్లో దరువులే దరువులు! పింఛారావు దండ పట్టుకురాగానే ధవళయ్య మెడ వెనక్కి తీసుకున్నాడు.

"నేను తీయలేదు బావా. ఇరుక్కున్నానంతే. తీసింది ఈ అమ్మాయి." కెమెరా కూడా తుహినకే ఇచ్చేశాడు.

పింఛారావు తక్షణం మండలిని సమావేశపరిచి రూల్సు సవరించాడు: ఇకమీదట ప్రతి ఉత్తరాది సినిమాలోనూ ఒక కొంగ మంచులో ఇరుక్కోవాలి.

మర్నాడు మండలి ఆఫీసు ముందు కొంగల క్యూ రెండు మైళ్ళు.

నీతి: వెనకబడ్డ ప్రాంతాన్ని ఉద్ధరించాలనుకునే పెద్దలు ముందు అక్కడికెళ్ళి గట్టిగా ఇరుక్కోవాలి.