పడవ మీద వేసిన చెయ్యి

శుక్రవారం పొద్దున్న ఆరుంబావుకు కొత్త పడవ నీళ్లలో దిగుతుంది. పదకొండింటికి విస్తళ్లు పడతాయి. ఒంటిగంటకల్లా గిన్నెలు తోమేసి, కాళ్లు బారజాపుకుని కూర్చోవచ్చు. బుల్లమ్మ వేసుకున్న లెక్క ఇది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పంతా లెక్కకు అందకుండా వచ్చినవాళ్లది.

పిలిచింది పన్నెండు మందిని. రెండేళ్ల కిందట తుఫానులో ఆమె భర్త జోగులు పాత పడవ రాళ్లకు కొట్టుకుని ముక్కలైపోయినప్పుడు ఆ ఇంటిని పస్తుండనివ్వని పన్నెండు మంది వాళ్లు. ఒకాయన తన వల ఇచ్చాడు. ఇంకొకాయన తన పడవలో జోగులుకు చోటిచ్చాడు. ఒకావిడ ఏమీ మాట్లాడకుండా వారం వారం గుమ్మంలో బియ్యం పెట్టి వెళ్లిపోయేది. పట్నం దగ్గర గరాచర్మలో ఇల్లు కట్టుకున్న నారాయణమూర్తి మాస్టారు, రిటైరైన మనిషి, అర్జీలు రాసి పెట్టి, కొత్త పడవ చేతికొచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగి రెండు జతల చెప్పులు అరగదీశారు. వీళ్లందరికీ ఒక్కపూట తన చేత్తో కడుపునిండా పెట్టాలన్నది బుల్లమ్మ రెండేళ్ల కోరిక. మాటల్లో కృతజ్ఞత చెప్పడం ఆమెకు చేతకాదు. చేపల పులుసులో అయితే బ్రహ్మాండంగా చెప్పగలదు.

పైగా ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. జోగులు తాత శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న కాస్త సామానులో అదొకటి. కొత్త పడవను మొదటిసారి నీళ్లలోకి తోసేటప్పుడు ఎవరెవరు చెయ్యి వేశారో, ఆ చెయ్యి ఆ రోజు ఆ ఇంట్లోనే ఎంగిలి కావాలి, ఆ ఇంట్లోనే కడుక్కోవాలి. ఒక్క చెయ్యి తినకుండా వెళ్లినా పడవకు అచ్చిరాదు. అందుకే జోగులు ముందుచూపుతో, పడవ తొయ్యడానికీ ఆ పన్నెండు మందినే రమ్మన్నాడు.

బుల్లమ్మ తెల్లవారకముందే లేచి, చెయ్యంత పొడుగు వంజరాన్ని పద్నాలుగు ముక్కలు కోసి పెట్టుకుంది. మాస్టారు చేప ముట్టరు కాబట్టి ఆయనకు కొత్త కుండలో ముద్దపప్పు, ఆనపకాయ పులుసు వేరే పొయ్యి మీద ఎక్కించింది.

"మావా, ఒక్క చిటికె ఈ పప్పు సూడు. నాను సింతపండు పిసుక్కుంటాను," అంది.

"నాకేటి తెల్సే పొయ్యి సంగతి?" అన్నాడు జోగులు, కొత్త లుంగీ సర్దుకుంటూ. "నాకు నిప్పెట్టడమే రాదు."

"మరి నాలుగేసి రోజులు సముద్రం మీద ఏటి తింతావు?"

"రాముడు వొండుతాడు కదేటి."

రాముడు జోగులుతో వేటకు వెళ్లే మనిషి. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

జోగులు రేవుకు వెళ్లాడు. రేవు ఎంతో దూరం లేదు, పెరటి కొబ్బరిచెట్ల మీదుగా చూస్తే పడవ ముక్కు కనిపిస్తుంది. ఆరు కావస్తుండగా మాస్టారి దగ్గరనుంచి ఫోన్ వచ్చింది. ముహూర్తం పెట్టింది ఆయనే.

"జోగులూ, ఆగవయ్యా! పడవ ముట్టుకోకండి! నేను చూసిన పంచాంగం విశాఖపట్నానికి గణించింది. మనకి సూర్యుడు ముప్పై ఎనిమిది నిమిషాలు ముందొస్తాడు. గడ్డం గీసుకుంటుంటే తట్టింది. మన ముహూర్తం ఎప్పుడో వెళ్లిపోయిందయ్యా!"

"మరేటి సెయ్యమంటారు మేస్టారూ?"

"ఎనిమిదీ ఇరవైకి దివ్యమైన ఘడియ ఉంది. నేను వచ్చేస్తున్నాను."

ఆరింటికి సముద్రం నిండుగా పోటు మీద ఉంది. ఎనిమిదీ ఇరవైకి నీళ్లు ఎక్కడుంటాయో జోగులుకు తెలుసు, రాముడికి తెలుసు, రేవులో తిరిగే కుక్కలకు కూడా తెలుసు. కానీ తన కోసం చెప్పులు అరగదీసిన మనిషికి ఎదురు చెప్పడం ఎలాగో జోగులుకు తెలియదు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు సూర్యుణ్ణి లెక్క కట్టారు గానీ, నీళ్లను నడిపే చంద్రుణ్ణి మరిచిపోయారు.

ఎనిమిదీ ఇరవై అయిదుకు రేవు నుంచి కూతురు చిట్టితల్లి ఫోన్ చేసింది.

"అమ్మా, పడవ సగం దూరం ఎల్లి బురదలో దిగబడిపోయినాది. పన్నెండు మందీ తోసినారు, కదల్లేదు. పక్క పడవలోళ్లు ఎనిమిది మంది వొచ్చి చెయ్యేసినారు."

"అయితే ఇరవై," అంది బుల్లమ్మ. ఇంకో రెండు కిలోల బియ్యం కడిగి పోసింది. వంజరం ముక్కల వంక ఒకసారి చూసి, కత్తి తీసుకుని ఒక్కొక్కదాన్ని రెండు చేసింది. ఇరవై మందికి ఇరవై ఎనిమిది ముక్కలు. పరువుకు లోటు లేదు.

ముప్పావుగంట తరవాత మళ్లీ ఫోన్.

"అమ్మా, తుష్నాబాద్ బస్సు వొచ్చినాది."

"వొస్తే?"

"రాముడు బాబాయి రోడ్డుకడ్డంగా నిలబడి, భయ్యా, ఏక్ హాథ్ లగావో, ఖానా ఖిలాయేంగే, ఒక సెయ్యేస్తే బోజనం ఎడతాం అన్నాడమ్మా. డ్రైవరు దిగినాడు, కండక్టరు దిగినాడు, ఆఫీసులకెల్లే బాబులందరూ దిగిపోయినారు. మొత్తం ముప్పై నాలుగు మంది."

బుల్లమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "అందరూ సెయ్యేసినారా?"

"ఏసినారు. కానీ కండక్టరు బస్సు ఎనక్కి తీయించినట్టు ఆనే దో, ఆనే దో అని ఈల ఊదుతున్నాడమ్మా. బస్సోళ్లు ఇటేపు తోస్తున్నారు, మనోళ్లు అటేపు తోస్తున్నారు. పడవ ఇంకా లోపలికి దిగిపోతన్నాది."

"యాభై నాలుగు," అంది బుల్లమ్మ తనలో తను.

ఏ ఇల్లాలికైనా అక్కడ ఏడుపు రావాలి. బుల్లమ్మకు కోపం వచ్చింది, అదీ యాభై నాలుగు మంది మీద కాదు, ఎదురుగా ఉన్న గుండిగ మీద. అది చిన్నదైపోయింది. రామమందిరంలో కల్యాణానికి వాడే పెద్ద గుండిగను పక్కింటివాళ్ల చేత దొర్లించుకుంటూ తెప్పించింది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి మంట వేసింది. వంజరాన్ని ఇక ముక్కలుగా పెట్టడం దేవుడి తరం కూడా కాదు. ముక్కలన్నీ ఉడికించి, ముళ్లు ఏరేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొడిపొడిగా వేయించింది. ఒకడికి తల, ఒకడికి తోక అనే మాట లేకుండా మనిషికొక గరిటెడు వస్తుంది.

పులుసుకు తాజా చేపలు తెప్పిద్దామని కబురు చేసింది. రేవంతా వెతికినా చేప లేదు. చేపలు పట్టేవాళ్లందరూ పడవ తోస్తుంటే చేపలు ఎవరు పడతారు? బుల్లమ్మ నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. వానాకాలం కోసం దాచుకున్న ఎండునెత్తళ్ల మూట, వేట లేని రోజుల్లో ఇంటిని కాచే మూట, కిందికి దించి ముడి విప్పేసింది.

అప్పుడే పెరటి గుమ్మంలోకి ఒక ముసలావిడ గంపతో వచ్చి నిలబడింది. తుష్నాబాద్‌లో కూరగాయలు పండించే అసిరమ్మ. బస్సులో పట్నం సంతకు బయల్దేరిన మనిషి.

"అమ్మా, నానూ పడవకి సెయ్యేసినాను. బస్సు ఇంక కదిలేలాగ లేదు. ఈ వంకాయలు మజ్జానానికి వాడిపోతాయి. వొండీ."

"మా ఇంట తినడానికొచ్చినోళ్లు మాకు పెడతారేటి? వొద్దు," అంది బుల్లమ్మ, మూతి బిగించి.

"నీ రోషం సల్లగుండా! ఎండునెత్తళ్లు ఎదురుగా ఎట్టుకుని, వంకాయ వొద్దన్న మనిషిని ఇయ్యాలే సూసినాను."

నెత్తళ్లూ వంకాయా ఒకచోట చేరాక విడదీసేవాళ్లకు పాపం తగులుతుంది. బుల్లమ్మ కత్తిపీట అసిరమ్మ ముందుకు జరిపింది.

పదిన్నరకు ఆఖరి ఫోన్. "అమ్మా, కొత్తగా పెళ్లైనోళ్లు ఇద్దరు, టూరిస్టులు. ఫోటో తీసుకోడానికి పడవ మీద సెయ్యేసినారు. తొయ్యలేదు. మరి ఆళ్లు లెక్కేనా?"

"సెయ్యేసినారా లేదా?"

"ఏసినారు."

"అయితే తింతారు. తీసుకురా."

ఆ విధంగా యాభై ఆరు. పడవ మాత్రం మూడు బారలు జరిగి, మళ్లీ అడుగు లోతు దిగబడి, స్థిరపడిపోయింది. ముందు తినేసి, బలం వచ్చాక తోద్దామని మాస్టారు తీర్మానించారు. ఆ రోజు ఆయన చెప్పినవాటిలో అందరూ ఒక్కసారిగా ఒప్పుకున్నది ఈ ఒక్క మాటే.

కొబ్బరిచెట్ల కింద నాలుగు పంక్తులు వేశారు. అరటాకుల ముందు డ్రైవరు పక్కన మాస్టారు, మాస్టారి పక్కన గుమస్తా, గుమస్తా పక్కన మోకాళ్ల దాకా బురదతో కొత్త పెళ్లికొడుకు. వడ్డన తన చేత్తోనే జరగాలని బుల్లమ్మ పట్టు. గుండిగ పక్కనుంచి లేచి, పంక్తి చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చింది. వేయించిన వంజరం అందరికీ వచ్చింది. వంకాయ నెత్తళ్ల పులుసు రెండో మాటు వచ్చింది, మూడో మాటూ వచ్చింది. కండక్టరు తన ఈల జేబులో పెట్టుకుని, ఆకు మీదికి వంగి, తల ఎత్తలేదు. పెళ్లికూతురు కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే, "దీదీ, థోడా ఔర్," అని ఇంకొంచెం వెయ్యమని ఆకు చూపించింది.

మాస్టారు ఆనపకాయ పులుసు ముగించి, చెయ్యి ఎత్తి అన్నారు: "అమ్మా బుల్లమ్మా, అమ్మాయి పెళ్లికి కూడా ఇంత బాగా చెయ్యలేవు."

"అప్పుడూ మీరే ముహూర్తం పెట్టండి మేస్టారూ. ఊరంతా వొస్తారు," అంది బుల్లమ్మ. మాస్టారు నవ్వలేక, మానలేక తల దించుకున్నారు.

చేతులు కడుక్కోవడానికి అందరూ ఆమె తొట్టి దగ్గరికే వచ్చారు. ఒక్కొక్కరి చేతుల్లో చెంబుతో నీళ్లు పోస్తూ బుల్లమ్మ లెక్కపెట్టింది. యాభై ఆరు చేతులు. వారం వారం బియ్యం పెట్టిన ఆవిడ చెయ్యి వచ్చినప్పుడు బుల్లమ్మ చెంబు మళ్లీ ముంచింది. ఆ చేతి మీద ఇంకో చెంబెడు నీళ్లు పోసింది. ఆవిడకు అర్థమైంది. ఎండునెత్తళ్ల మూట ఖాళీ, బియ్యం డబ్బా అడుగంటింది, బుల్లమ్మ గుండె మాత్రం నిండుకుండలా ఉంది.

బస్సు మధ్యాహ్నం కునికిపాట్లు పడుతూ పట్నం వెళ్లింది. వంకాయలు లేకుండా సంతకెళ్లి చేసేదేముందని అసిరమ్మ మాత్రం ఉండిపోయింది. మిగిలినవాళ్లు బలం వచ్చాక పడవ తొయ్యాల్సినవాళ్లు. బలం రాలేదు గానీ నిద్ర వచ్చింది. కొబ్బరిచెట్ల కింద వరసగా పడుకుని గురకలు పెట్టారు.

నాలుగు గంటలకు బుల్లమ్మ మెతుకు మిగలని గుండిగ తోముకుందామని ఒంటరిగా రేవుకు దొర్లించుకుని వెళ్లింది. చూస్తే పోటు వచ్చేసింది. పడవ చుట్టూ నడుం లోతు నీళ్లు. పడవ వెనకభాగం తేలి అటూ ఇటూ ఊగుతోంది, ముక్కు ఒక్కటే బురదను పట్టుకుని ఉంది. బురదలో ఉన్న పడవ ఎక్కడికి పోతుందిలే అని తాడు కట్టిన నాథుడు లేడు. బుల్లమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని నీళ్లలోకి దిగింది. ఒక చేత్తో తాడు అందుకుని, రెండో చెయ్యి ముక్కు మీద వేసి, ఒక్క తోపు తోసింది.

పడవ వెన్నపూసలా నీళ్లలోకి జారిపోయింది.

"మావో!" అని ఆమె పెట్టిన కేకకు చెట్ల కింద నిద్రంతా ఎగిరిపోయింది. పరుగెత్తుకొచ్చినవాళ్లకు నిండు సముద్రం మీద తేలుతున్న పడవ, తాడు పట్టుకుని నడుం లోతు నీళ్లలో మహారాణిలా నిలబడ్డ బుల్లమ్మ కనిపించారు.

మాస్టారు వాచీ చూసుకుని, జేబులోంచి కాగితం తీసి, పెదవులు కదిపి లెక్క కట్టారు. "అద్భుతం! ఇంతకన్నా మంచి ఘడియ ఈ నెలలోనే లేదు!" అన్నారు, అదేదో తానే పెట్టినట్టు.

అసిరమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "ఓలమ్మో! అయితే ఈ పడవని నీళ్లలోకి తోసింది ఎవులు?"

అందరూ బుల్లమ్మ వంక చూశారు. చిట్టితల్లి మెల్లగా అంది: "అయ్యా, అమ్మ పొద్దున్నించి ఏటీ తిన్లేదు."

జోగులు గుండిగ లోపలికి చూశాడు. పడవ దింపిన ఒకే ఒక్క చెయ్యి ఇంకా ఎంగిలి కాలేదు. ఇంటావిడ చెయ్యికి ఆచారం వర్తించదని అతని తాత ఎక్కడా చెప్పలేదు. వర్తించదని చెప్పే ధైర్యం తనకూ లేదు, ఇష్టమూ లేదు. అతను పక్కవాళ్ల చేతిలోని విసురువల లాక్కుని కొత్త పడవెక్కాడు. పావుగంటలో నాలుగు చిన్న చేపలతో దిగి, నేరుగా వంటింట్లోకి వెళ్లాడు. అడుగుబొడుగు బియ్యం ఎక్కడుందో అడగలేదు. నిప్పెట్టడానికి ఒక్కటే పుల్ల గీశాడు.

పొద్దు దీవుల వెనక్కి దిగే వేళకు పెరట్లో ఒకే ఒక్క ఆకు పడింది. బుల్లమ్మ తడి చీరతోనే కూర్చుంది. జోగులు అన్నం పెట్టి, పులుసు పోసి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"తిను బుల్లా. కొత్త పడవ మొదటి వేట ఇది. ఈ రెండేళ్లూ నువ్వు సగం కడుపుతో లేచిపోయేదానివి. నాకు తెల్సు," అన్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు ఆకాశం వైపు చూశారు.

బుల్లమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. తెరిచింది. పులుసులో ఉప్పు సరిపోయింది, పులుపు సరిపోయింది, వెల్లుల్లి ఎక్కడ దంచి వెయ్యాలో అక్కడ పడింది. ఆమె నెమ్మదిగా తల తిప్పి రాముడి వైపు చూసింది.

"రాముడూ, సముద్రం మీద వొంట ఎవులు సేస్తారు?"

"నాకెక్కడొచ్చు వొదినా?" అన్నాడు రాముడు అమాయకంగా. "ఎప్పుడూ జోగులన్నే."

బుల్లమ్మ ఆకు తుడిచినట్టు తినేసి, భర్త పోసిన నీళ్లతో చెయ్యి కడుక్కుని, ఇంకా వెచ్చగా ఉన్న గరిటెను అతని చేతిలోనే ఉంచేసింది. ఆ రోజు రేవులో జరిగిన పొరపాట్లన్నిట్లోకీ పెద్దది, జోగులు పులుసు బాగా కుదరడమే.